చూసే చేతులు

సబ్ సెంటర్‌లో నర్సమ్మ గర్భిణి పొట్ట కొలిచేటప్పుడు టేపును తిరగేసి పట్టుకుంటుంది. అంకెలున్న వైపు చర్మానికి ఆని ఉంటుంది, ఏమీ రాయని వైపు పైకి కనబడుతుంది. ఒక కొసను పొత్తికడుపు కింద ఎముక మీద ఆనించి, రెండో కొసను గర్భాశయం పైఅంచు దాకా లాగి, అక్కడ వేలితో నొక్కిపట్టి, ఆ తర్వాతే టేపు తిప్పి ఎంత వచ్చిందో చూస్తుంది. ఈ పద్ధతి శిక్షణలో నేర్పుతారు. కార్డులో 28వ వారం అని ముందే రాసి ఉంటే కన్ను 28 కోసం వెతుకుతుంది, వేలు తెలియకుండానే అటు జరుగుతుంది. బిడ్డ సరిగ్గా ఎదగని సంగతి రెండు మూడు సెంటీమీటర్ల తేడాలోనే బయటపడాలి. ఆ తేడాను తన చెయ్యే సర్దేస్తే ఇక కనిపెట్టేవాళ్ళు ఉండరు. అందుకని కొలిచే మనిషి తన అంచనాను తానే పక్కన పెట్టుకోవడానికి టేపును బోర్లా వేస్తుంది.

ఏఎన్ఎం అనండి, స్టాఫ్ నర్సు అనండి, ఈమధ్య తెలంగాణ ఆసుపత్రుల్లో కనబడుతున్న మిడ్‌వైఫ్ అనండి, ఊళ్ళో అందరికీ ఆమె నర్సమ్మే. ఆమె చేసే గర్భిణీ పరీక్షలో ఇలాంటి పనితనం అడుగడుగునా ఉంటుంది. దాన్ని దగ్గరగా చూసి చెప్పాలన్నదే నా కోరిక. సామాను చూస్తే చాలా తక్కువ: టేపు, బరువు తూచే మిషను, బీపీ పరికరం, పరీక్షనాళిక, బిడ్డ గుండె వినే గొట్టం, సెకన్ల ముల్లున్న చేతి గడియారం. మిగతాదంతా ఆమె చేతులు, చెవి, అడిగే ప్రశ్నలు.

నెల తప్పిన దగ్గర్నుంచి కాన్పు దాకా ఒంట్లో వచ్చే బాధల జాబితా చాలా పొడవు. వేవిళ్ళు, గుండెల్లో మంట, మలబద్ధకం, నడుము నొప్పి, రాత్రిపూట పిక్కలు పట్టెయ్యడం, మాటిమాటికీ మూత్రం, కాళ్ళ వాపు, ఆయాసం, తెల్లబట్ట, పొట్ట మీద దురద. వీటిలో ఎక్కువ భాగం కడుపు పెరుగుతున్నకొద్దీ సహజంగా వచ్చేవే. చిక్కేమిటంటే, ప్రాణం మీదికి తెచ్చే కొన్ని జబ్బులు కూడా మొదట ఇలాగే కనబడతాయి. వాపు వాపే, తలనొప్పి తలనొప్పే. వందమందికి ధైర్యం చెప్పి పంపాలి, ఆ వందలో ప్రమాదంలో ఉన్న ఒకరిని మాత్రం ఆపాలి. అందరినీ భయపెట్టి పెద్దాసుపత్రికి తోలెయ్యడం తేలిక, అందరికీ "ఏం పర్లేదమ్మా" అనడం ఇంకా తేలిక. ఆ రెండు తేలిక దారులూ తొక్కకుండా ఒక్కొక్కరినీ విడిగా తేల్చి చూడడమే ఆమె విద్య.

మొదటి పని తేదీ పట్టుకోవడం. 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు ఫ్రాంజ్ నేగెలె పేరు మీద ఒక సులువైన లెక్క ఉంది. చివరి నెలసరి మొదలైన రోజుకు 7 రోజులు, 9 నెలలు కలిపితే కాన్పు తేదీ వస్తుంది. లెక్క సులువే గానీ, ఆ మొదటి రోజు ఎంతమందికి గుర్తుంటుంది? "ఏ తేదీ?" అని అడిగితే అమ్మాయి అత్తగారి వంక చూస్తుంది. నర్సమ్మ గోడ మీది క్యాలెండరు వంక చూస్తుంది. "చవితికి పూజలో కూర్చున్నావామ్మా?" "లేదండీ, అంతకు రెండ్రోజుల ముందే బయట చేరాను." ఇక చాలు. 2024లో వినాయక చవితి సెప్టెంబరు 7న వచ్చింది. రెండు రోజుల ముందంటే 5. ఏడు కలిపితే 12, తొమ్మిది నెలలు కలిపితే 2025 జూన్ 12. క్యాలెండరులో 280 రోజులు లెక్కపెట్టినా సరిగ్గా అక్కడికే చేరతాం. ముట్టు రోజుల్లో దేవుడి గదిలోకి వెళ్ళని ఆచారం మంచిదా కాదా అన్న చర్చ వేరే. మన ఇళ్ళలో ఆడవాళ్ళకు తేదీలు పండుగల చుట్టూ గుర్తుంటాయని ఎరిగి, అదే దారిలో వెళ్ళి తేదీ రాబట్టడం మాత్రం గొప్ప నేర్పు. నెలసరి సరిగా రానివాళ్ళకు, పాలిస్తుండగానే నీళ్ళు పోసుకున్నవాళ్ళకు ఈ దారి పనిచెయ్యదు. వాళ్ళను మూడో నెల దాటకముందే స్కానింగుకు పంపుతుంది, ఎందుకంటే తేదీ తేల్చడంలో తొలి నెలల స్కానే నమ్మదగినది.

ఆ తర్వాత ప్రశ్నలు. "ఏమైనా ఇబ్బందులున్నాయా?" అంటే మన ఆడవాళ్ళ జవాబు ఒక్కటే, "ఏం లేవండీ." ఓర్చుకోవడం మంచి కోడలి లక్షణమని నేర్పించిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మరి. అనుభవమున్న నర్సమ్మ ఆ ప్రశ్నే అడగదు. వాంతులవుతున్నాయా అనే బదులు "తాగిన నీళ్ళు నిలుస్తున్నాయా? పొద్దుట్నుంచి మూత్రానికి ఎన్నిసార్లు వెళ్ళావు? ఏ రంగులో వచ్చింది?" అంటుంది. వేవిళ్ళు సాధారణంగా ఆరో వారం ప్రాంతంలో మొదలై నాలుగో నెలకు తగ్గిపోతాయి. మంచం దిగకముందే రెండు గుప్పిళ్ళు మరమరాలో ఒక రస్కో నమిలి, రెండేసి గంటలకు కొంచెం కొంచెంగా తింటే చాలామందికి గడిచిపోతుంది. నీళ్ళు కూడా నిలవక, మూత్రం ముదురు పసుపై, పోయిన నెల కంటే బరువు తగ్గితే అది వేవిళ్ళ హద్దు దాటినట్టే. ఆ మనిషికి సెలైన్ ఎక్కించాలి. మూడు చిన్న ప్రశ్నలతో ఆమె ఆ హద్దు కనుక్కుంటుంది.

ఆయాసం సంగతీ అంతే. "మెట్లెక్కితే వస్తోందా, పడుకుంటే వస్తోందా? రాత్రి లేచి కూర్చుంటున్నావా?" గర్భంలో ఒంట్లో రక్తం పరిమాణం దాదాపు సగం మేర పెరుగుతుంది. ఆ అదనపు పని మోసే గుండెకు కొంత రొప్పు సహజం. అయితే చిన్నప్పటి కీళ్ళవాతపు జ్వరంతో కవాటం దెబ్బతిన్న గుండె కూడా ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చి, మొదటిసారిగా గర్భంలోనే చేతులెత్తేస్తుంది. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునే మనిషిని ఆమె ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపుతుంది. పొట్ట చర్మం సాగి దురద పెడితే కొబ్బరినూనె రాసుకోమంటుంది. అదే దురద రాత్రిళ్ళు అరచేతుల్లో, అరికాళ్ళలో పుడితే కాలేయం పరీక్ష రాస్తారు గనుక పైకి పంపుతుంది. రెండు కాళ్ళూ సాయంత్రానికి బరువెక్కి తెల్లారేసరికి తగ్గితే దిండు మీద కాళ్ళు పెట్టుకోమంటుంది. ఒక కాలే ఉబ్బి, పిక్క నొప్పిగా వేడిగా ఉంటే రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు, ఆలస్యం చెయ్యదు. తెల్లబట్ట గురించి అడగాలంటే అత్తగారిని కాసేపు బయట కూర్చోమంటుంది. "వాసనుందా, దురదుందా? ఎప్పుడైనా ఉన్నట్టుండి లోపలి బట్ట మార్చుకోవాల్సినంత తడిసిందా?" ఆ చివరి ప్రశ్న ఉమ్మనీరు కోసం. ఎవరిని ఎప్పుడు గదిలో ఉంచాలో, ఎప్పుడు బయటికి పంపాలో తెలియడం కూడా పరీక్షలో భాగమే. ఇంట్లో దెబ్బలు తినే పిల్ల ఆ మాట చెప్పేది కూడా ఆ రెండు నిమిషాల్లోనే.

ఇక బీపీ. పట్టీ చుట్టి గాలి కొట్టడం ఎవరైనా చేస్తారు. సరిగ్గా చూడడం వేరు. ముందు మూత్రానికి వెళ్ళి రమ్మంటుంది, నిండిన మూత్రాశయం కూడా అంకెను పెంచుతుంది గనుక. ఎండలో నడిచొచ్చిన మనిషిని ఐదు నిమిషాలు వీపు ఆనించి, కాళ్ళు నేల మీద మోపి కూర్చోబెడుతుంది. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనబడుతుంది. గాలి నింపేటప్పుడు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని, అది ఎక్కడ ఆగిపోయిందో చూసుకుని, ఇంకో 30 పైకి కొట్టి, అప్పుడు మెల్లగా, సెకనుకు ఒక గీత చొప్పున వదులుతుంది. స్టెతస్కోపులో టక్ టక్ మని మొదలయ్యే చప్పుడు పై అంకె, చప్పుడు పూర్తిగా పోయే చోటు కింది అంకె. 1905లో నికొలాయ్ కొరోత్కోవ్ అనే రష్యన్ వైద్యుడు వివరించిన చప్పుళ్ళివి. మనవాళ్ళలో చాలామంది తొందరలో గాలి గబుక్కున వదిలేసి, చివర్న సున్నాతో ముగిసే ఏదో ఒక అంకె రాసేస్తారు. పని తెలిసిన నర్సమ్మ రాసే కార్డులో 118/76 లాంటి అంకెలు కనబడతాయి. ఆ సరిసంఖ్యల్లో నాకు నిజాయితీ కనిపిస్తుంది.

ఇంత జాగ్రత్త దేనికంటే, 20వ వారం తర్వాత బీపీ 140/90కి చేరడం ఒక జబ్బు తలుపు తట్టడం. మూత్రంలో ఆల్బుమిన్ పోతుంది, ముదిరితే ఫిట్స్ వస్తాయి. మన పెద్దవాళ్ళు గుర్రపు వాతం అని భయపడింది దానికే. అది చాలాసార్లు నొప్పి లేకుండా, జ్వరం లేకుండా వస్తుంది. ఆ పిల్ల నడిచి వస్తుంది, నవ్వుతూ కూర్చుంటుంది. అందుకే అంకె ఒక్కదాన్నే నమ్ముకోకుండా ఆమె గాజుల వంక చూస్తుంది. సీమంతానికి వేసిన మట్టిగాజులు ఆ రోజు వదులుగా తిరిగినవి ఇప్పుడు మణికట్టుకు బిగుసుకున్నాయా? ఉంగరం తీసి దాచావా? పొద్దున లేచేసరికి కళ్ళ కింద ఉబ్బుతోందా? మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి, గుంట పడుతుందేమో చూస్తుంది. మూత్రానికి ఇప్పుడు చాలాచోట్ల రంగు మారే పట్టీలొచ్చాయి. లేనిచోట పాత పద్ధతే. పరీక్షనాళికలో ముప్పాతిక వంతు మూత్రం పోసి, పైభాగాన్ని మాత్రం మంట మీద వేడిచేస్తారు. పైన తెల్లగా మబ్బు పట్టి కింద తేటగా ఉంటే రెండూ పక్కపక్కనే కనబడతాయి, పోల్చుకోవడానికి ఇంకేమీ అక్కర్లేదు. రెండు చుక్కలు ఎసిటిక్ యాసిడ్ వేసినా ఆ మబ్బు విడకపోతే అది ఆల్బుమినే. వేడిచెయ్యని అడుగుభాగమే వేడిచేసిన పైభాగానికి కొలమానమవడం నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది.

ఇక్కడ ఒక బాధ గురించి ఆగి చెప్పాలి. ఎనిమిదో నెలలో డొక్కల మధ్య, రొమ్ము ఎముక కింద నొప్పి. ఇంట్లో ఏమంటారో మనకు తెలుసు. "గ్యాస్ అయ్యుంటుంది, కాస్త జీలకర్ర నీళ్ళు తాగు." చాలాసార్లు అది గ్యాసే. పెరిగిన గర్భాశయం జీర్ణాశయాన్ని పైకి నెడుతుంది, పులితేన్పులు రావడం వింత కాదు. కానీ బీపీ జబ్బు కాలేయాన్ని పట్టినప్పుడు వచ్చే నొప్పి కూడా సరిగ్గా అక్కడే వస్తుంది. నర్సమ్మ అడిగే తీరు చూడండి. "తిన్నాక వస్తోందా, తినకపోయినా ఉందా? మజ్జిగ తాగితే తగ్గిందా? తల కూడా నొప్పిగా ఉందా? కళ్ళ ముందు మెరుపులు, మసక?" తలనొప్పితో, చూపు మసకతో కలిసి వచ్చిన కడుపునొప్పిని ఆమె గ్యాస్ అనదు. ఆ సాయంత్రం దాకా కూడా ఆగనివ్వదు. 108 అంబులెన్సు పిలిపిస్తుంది. ఒక్క ఈ తేడా ఇంటింటా తెలిస్తే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయని నా గట్టి నమ్మకం.

రక్తం సంగతి త్వరగా చెబుతాను, అందరికీ కొంత తెలిసినదే గనుక. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. కింది కనురెప్ప లాగి చూడడం, నాలుక, గోళ్ళు చూడడం ఒక ఎత్తు. "బియ్యం తినాలనిపిస్తోందా? బలపాలు, సుద్దముక్కలు?" అని ఎగతాళి లేకుండా అడగడం ఇంకో ఎత్తు. ఇనుము తగ్గిన ఒంటికి మట్టి మీద మనసు పోవడం ఉందని ఆమెకు తెలుసు. హిమోగ్లోబిన్ 11కు తగ్గితే రక్తహీనత, 7కు తగ్గితే ఆసుపత్రి. మూడు నెలలు దాటాక రోజుకొకటి చొప్పున 180 ఐరన్ మాత్రలు ఇస్తారు. ఇచ్చినవన్నీ లోపలికి వెళ్తాయనుకోవడం అమాయకత్వం. మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా వస్తుందని ముందే చెప్పకపోతే ఆ పిల్ల భయపడి మానేస్తుంది. అందుకే నర్సమ్మ "మాత్రలు వేసుకుంటున్నావా" అనదు, "విరేచనం ఏ రంగులో అవుతోంది" అంటుంది. అబద్ధం చెప్పించకుండా నిజం తెలుసుకునే మర్యాదైన దారి అది. రాత్రి భోజనమయ్యాక, నిమ్మకాయ నీళ్ళతో వేసుకోమంటుంది. టీతో, పాలతో, కాల్షియం మాత్రతో కలిపి వద్దంటుంది, అవి ఇనుమును ఒంటికి పట్టనివ్వవు గనుక.

ఇప్పుడు చేతుల దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

బల్ల మీద పడుకోబెట్టి, మోకాళ్ళు కొంచెం మడిపిస్తుంది. పొట్ట కండరాలు వదులు కావడానికి అది. తెర లాగుతుంది. చేతులు రుద్దుకుని వెచ్చబరుచుకుంటుంది, చల్లని చెయ్యి తగిలితే పొట్ట బిగుసుకుని ఇక ఏమీ తెలియదు. ముందు చూస్తుంది, తాకదు. పొట్ట నిలువుగా ఉందా, అడ్డంగా పరుచుకుందా, పాత ఆపరేషన్ మచ్చ ఉందా. గర్భాశయం సాధారణంగా కుడివైపుకు కొద్దిగా ఒరిగి ఉంటుంది. అరచేత్తో దాన్ని మధ్యకు తెచ్చి, ఎడమచేతి చిటికెనవేలి వైపు అంచును రొమ్ము ఎముక దగ్గర్నుంచి కిందికి జార్చుకుంటూ వస్తుంది. మెత్తగా దిగుతున్న చెయ్యి ఒకచోట గట్టిగా ఆనుతుంది. అదే గర్భాశయం పైఅంచు. మూడో నెల చివర ఆ అంచు పొత్తికడుపు ఎముకకు కాస్త పైన, 24వ వారానికి బొడ్డు దగ్గర, 36వ వారానికి రొమ్ము ఎముక కింద ఉంటుంది. చివరి వారాల్లో బిడ్డ తల కిందికి జారాక మళ్ళీ కొంచెం దిగుతుంది. అప్పుడే తల్లికి ఊపిరి తేలికవుతుంది, మూత్రానికి తిరగడం ఎక్కువవుతుంది. 24 వారాల తర్వాత టేపు మీద వచ్చే సెంటీమీటర్లు దాదాపు వారాలతో సరిపోతాయి. రెండుకు మించి తేడా వస్తే బిడ్డ ఎదుగుదలో, ఉమ్మనీరో, కవలలో, తప్పు తేదీయో తేల్చమని పైకి పంపుతుంది.

ఆ తర్వాత నాలుగు పట్లు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో ప్రసూతి వైద్యుడిగా పనిచేసిన క్రిస్టియన్ గెర్హార్డ్ లియోపోల్డ్ (1846–1911) పేరుతో ప్రపంచమంతా నేర్పే పద్ధతి ఇది. మొదటి పట్టులో రెండు చేతులూ పైఅంచును కమ్ముకుంటాయి. అక్కడ ఉన్నది తలా, పిరుదులా? తల గుండ్రంగా, గట్టిగా ఉండి, వేళ్ళతో ఒక్క తోపు తోస్తే నీళ్ళలో వేసిన కొబ్బరికాయలా అటు వెళ్ళి తిరిగి వచ్చి వేళ్ళకు తగులుతుంది. పిరుదులు మెత్తగా, వెడల్పుగా ఉంటాయి, తోస్తే ఒళ్ళంతా కలిసి కదులుతుంది. రెండో పట్టులో చేతులు పక్కలకు దిగుతాయి. ఒక చెయ్యి పొట్టను ఆపిపట్టుకుంటే రెండోది వెతుకుతుంది. ఒకవైపు పొడవుగా, నున్నగా, ఎదురు నిలిచేది బిడ్డ వీపు. రెండోవైపు చిన్న చిన్న బుడిపెలు, వేళ్ళ కింద తప్పించుకుపోయేవి కాళ్ళూ చేతులూ. మూడో పట్టులో కుడిచెయ్యి బొటనవేలూ మిగతా వేళ్ళూ చాపి పొత్తికడుపు ఎముక పైన ఉన్నదాన్ని పట్టుకుంటుంది. అది తలేనా, ఇంకా అటూ ఇటూ ఊగుతోందా? నాలుగో పట్టుకు ఆమె తిరిగి తల్లి పాదాల వైపు మొహం పెడుతుంది. రెండు చేతులూ పక్కల నుంచి కటి ఎముకల లోతుకు మెల్లగా దిగుతాయి. తల ఎంతమేర లోపలికి దిగిందో వేళ్ళ చివర్లకు అందుతుంది.

ఇందులో నన్ను ఆకట్టుకునేది ఆమె బలం వాడకపోవడం. వేళ్ళ కొసలతో పొడవదు, వేళ్ళను చదునుగా ఆనిస్తుంది. తల్లి ఊపిరి వదిలేటప్పుడు కండరం వదులవుతుంది, చెయ్యి అప్పుడే ఒక మెట్టు దిగుతుంది. గర్భాశయం బిగిస్తే ఆగుతుంది, సడలాక మళ్ళీ మొదలుపెడుతుంది. కళ్ళు మాత్రం పొట్ట మీద ఉండవు, తల్లి మొహం మీద ఉంటాయి. నొప్పి పుడితే ముందు తెలిసేది అక్కడే. ఎక్కువసేపు వెల్లకిలా ఉంచదు కూడా. బరువైన గర్భాశయం వెన్ను పక్కన పోయే పెద్ద సిరను నొక్కి, కళ్ళు తిరిగేలా చేస్తుంది. చివరి నెలల్లో పక్కకు, వీలైతే ఎడమపక్కకు తిరిగి పడుకోమని చెప్పే సలహా వెనుక ఉన్నదీ ఇదే కారణం.

వీపు ఎటుందో చేతికి తెలిసింది గనుక చెవి ఎక్కడ ఆనించాలో ఇక వెతుక్కోనక్కర్లేదు. బిడ్డ గుండె చప్పుడు వీపు మీదుగా బాగా వినబడుతుంది. తల కిందికి ఉంటే బొడ్డుకు దిగువన, ఎదురుకాళ్ళతో ఉంటే బొడ్డుకు ఎగువన. 1895లో ఫ్రెంచి వైద్యుడు అడాల్ఫ్ పినార్ రూపొందించిన గొట్టం ఇప్పటికీ ఉంది, కర్రదో, అల్యూమినియందో, ప్లాస్టిక్‌దో. వెడల్పు వైపు పొట్ట మీద, చదును వైపు చెవికి. చెవితోనే అదిమి పట్టి చెయ్యి తీసేస్తుంది, వేళ్ళు గొట్టానికి తగిలితే ఆ రాపిడే వినబడుతుంది. అదే సమయంలో రెండో చేత్తో తల్లి మణికట్టు నాడి పట్టుకుంటుంది. గర్భాశయపు రక్తనాళాల హోరు తల్లి నాడితో పాటే నడుస్తుంది, దాన్ని బిడ్డ గుండె అనుకునే ప్రమాదం ఉంది. రెండు వేగాలూ వేరని తేలాకే లెక్క మొదలు. పూర్తిగా ఒక నిమిషం. పావు నిమిషం విని నాలుగుతో గుణించడం ఆమెకు నచ్చదు. 120కీ 160కీ మధ్య ఉండాలి. ఇప్పుడు డాప్లర్ యంత్రం అంకెను తెర మీదే చూపిస్తుంది, తల్లికీ తండ్రికీ చప్పుడు వినిపించవచ్చు. అది మంచిదే. కరెంటు పోయినప్పుడు, బ్యాటరీ అయిపోయినప్పుడు గొట్టం పట్టుకున్న చెవికి ఆ విద్య ఉండాలి.

స్కానింగు వచ్చాక చేతులెందుకని అడిగేవాళ్ళున్నారు. ఐదో నెలలో చేసే టిఫా స్కాన్ బిడ్డ గుండెలో, వెన్నులో లోపాలను పట్టుకుంటుంది, చేతులు ఆ పని చెయ్యలేవు. మాయ కిందికి ఉందో లేదో కూడా స్కానే చెప్పాలి. మరి స్కాన్ గర్భం మొత్తమ్మీద మూడో నాలుగో సార్లు. చేతులు ప్రతి నెలా ఉంటాయి, చివరి నెలలో వారం వారం ఉంటాయి. తలకిందులుగా ఉన్న బిడ్డ 37వ వారంలో అడ్డం తిరిగితే పోయిన నెల ఫిల్ము ఆ సంగతి చెప్పదు.

ప్రతి పరీక్ష చివరా సందేహాలు బయటికొస్తాయి, సగం అమ్మాయివి, సగం అత్తగారివి. ఇక్కడ నర్సమ్మ మాట్లాడే పద్ధతిలో ఒక సూక్ష్మం ఉంది. హాని లేని నమ్మకాన్ని ఆమె లాక్కోదు. కుంకుమపువ్వు పాలు తాగిస్తే బిడ్డ తెల్లగా పుట్టదని తెలిసినా, పాలు తాగుతోంది కదా అని ఊరుకుంటుంది. బొప్పాయి విషయంలో పచ్చికాయకు దూరంగా ఉండమని, బాగా పండిన ముక్కకు భయపడొద్దని చెబుతుంది. గ్రహణం నాడు గదిలో పడుకోబెడితే పడుకో, అంతసేపూ అన్నం నీళ్ళు మాత్రం మానొద్దు అంటుంది. హాని ఉన్నచోట గొంతు మారుతుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు వద్దే వద్దు. కల్లైనా, మద్యమైనా కొంచెం కూడా వద్దు. మిరప చేలో, పత్తి చేలో పురుగుమందు కొట్టే రోజుల్లో కూలికి వెళ్ళొద్దు. మందు కొట్టి వచ్చిన భర్త బట్టలు ఆమె ఉతకొద్దు. ఈ చివరి మాట చాలామందికి తట్టదు. భర్త పక్కనే ఉంటే బీడీ బయట తాగమని, కారులో బెల్టు కింది పట్టీ పొట్ట మీద కాకుండా పొట్ట కింద తొడల మొదట్లో ఉండాలని అతనికే చెబుతుంది. సిగ్గుపడి అడగలేని ప్రశ్న ఒకటుంటుంది, దానికి అడక్కుండానే జవాబిస్తుంది: రక్తస్రావం, కిందికున్న మాయ, నెలలు నిండకుండా నొప్పులొచ్చే భయం లేనంతవరకు భార్యాభర్తలు కలవడం వల్ల బిడ్డకు ఏమీ కాదు.

బిడ్డ కదలికల గురించి మాత్రం ప్రతిసారీ అదే మాట, అదే గట్టిగా. ఒక్కో బిడ్డకు ఒక్కో అలవాటుంటుంది, అది తెలిసేది తల్లికే. ఆ అలవాటు తగ్గిందనిపిస్తే ఏదైనా తిని ఎడమపక్కకు పడుకుని గమనించాలి. అప్పటికీ మందంగానే ఉంటే తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు. "నెలలు నిండాయి కదా, చోటు లేక కదలడంలేదులే" అని పెద్దవాళ్ళంటే వినొద్దని వాళ్ళ ముందే చెబుతుంది.

ఇంత పనితనానికి వ్యవధి కావాలి. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వాసుపత్రుల్లో డాక్టర్లు గర్భిణులను ఉచితంగా చూస్తున్నారు. మంచి పథకం. ఆ రోజు బారులు తీరిన జనంలో ఐదు నిమిషాలు కూర్చోబెట్టి బీపీ చూడడం ఎంత కష్టమో అక్కడ నిలబడి చూసినవాళ్ళకు తెలుస్తుంది. 2018–20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు మాతృమరణాలు దేశంలో 97 ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. ఆసుపత్రులు, వాహనాలు, డాక్టర్లు అందరి పాలూ ఇందులో ఉంది. సమయానికి ఆపి పంపిన ఈ చేతుల పాలు చిన్నదని నేననుకోను. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. కాన్పు సహాయాన్ని ప్రత్యేక వృత్తిగా నేర్పాలన్న ఆ నిర్ణయం నాకు చాలా సంతోషం కలిగించింది. ఈ విద్య పుస్తకం చదివితే రాదు. పక్కన నిలబడి, పెద్దావిడ చెయ్యి పెట్టిన చోట తన చెయ్యి పెట్టి, "ఇదేమిటి? తలా, వీపా?" అన్న ప్రశ్నకు తప్పో ఒప్పో చెప్పి, మళ్ళీ పెట్టి నేర్చుకోవాలి.

తొలిచూలు కాన్పుకు మన పిల్లలు పుట్టింటికి వెళ్తారు. అంటే ఏడెనిమిది నెలలు చూసిన నర్సమ్మ ఒక ఊళ్ళో, కాన్పు నాటికి చూసే నర్సమ్మ ఇంకో ఊళ్ళో. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోరు. వాళ్ళ మధ్య ఉన్నదల్లా మాతా శిశు సంరక్షణ కార్డు. అందుకే బయల్దేరే ముందు రాసే పేజీ మీద ఆమె ఎక్కువసేపు కూర్చుంటుంది. ప్రతి నెల బీపీ, బరువు, పొట్ట ఎత్తు, వేసిన టీడీ ఇంజెక్షన్లు, రక్తం గ్రూపు. గ్రూపు నెగెటివ్ అయితే భర్త గ్రూపు కూడా, ఎర్ర సిరాతో. చివర్న అమ్మాయిని, భర్తను, వచ్చిన పెద్దవాళ్ళను కలిపి కూర్చోబెట్టి వరసగా అడుగుతుంది. ఏ ఆసుపత్రి? ఇంటి నుంచి ఎంత దూరం? అర్ధరాత్రి నొప్పులొస్తే ముందు ఎవరికి ఫోన్ చేస్తారు? 108 రావడం ఆలస్యమైతే ఊళ్ళో ఎవరి బండి ఉంది? రక్తం కావాల్సివస్తే ఎవరిస్తారు? "చూద్దాంలెండి" అన్న జవాబు ఆమె రాసుకోదు. పేరూ, ఫోన్ నంబరూ చెప్పేదాకా పెన్ను ఎత్తి పట్టుకునే ఉంటుంది.